బీరువా పరుగు

మెట్ల మీంచి బీరువా దింపుతున్నట్టుంది
నీ పరుగు, అంటుంది అక్క.
గేటు మీద మోచేతులానించి
ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో
ఎప్పటిదో బడి ఆటలపోటీల స్టాప్‌వాచ్.
జుట్టు మళ్లీ మొలిచినప్పుడు ఉంగరాలు తిరిగింది గానీ
మెరెరిద్ నోరు మాత్రం పాతదే.

నాకు యాభై రెండు. బడి బస్సు తోలతాను.
కూర్చుని బతికినవాణ్ణి.
ఈ కాళ్లకు తెలిసిందల్లా క్లచ్చూ బ్రేకూ.
ఇప్పుడు వాటికి
మే నెలాఖరులోగా నలభై మైళ్లు నేర్పాలి,
వేల్స్ కొండల అంచున, సముద్రం పక్కన,
ఎటు తిరిగినా ఎదురుగాలే అయ్యే దారిలో.

మా ఊరి నుంచి రేడియేషన్ ఆసుపత్రికి ముప్పై ఎనిమిది మైళ్లు.
పొద్దున పూట బస్సు లేదు.
ఉంది, నాది.
దాని నిండా ఎవరెవరి పిల్లలో.
ముప్పై ఒక్క ఉదయాలు
నేను వాళ్లని బడి గేటు ముందు దింపుతుంటే
మా అక్కని ఆసుపత్రి గేటు ముందు దింపింది ఇద్వల్,
రిటైరైన పోస్ట్‌మాన్, సొంత కారు, సొంత తీరిక.
వెనక సీటు కింద బకెట్, మీద మడతపెట్టిన తువ్వాలు.
ఎలా ఉందమ్మా అని ఒక్కనాడూ అడగలేదట.
గొర్రెల ధరలు మాట్లాడేవాడట,
పోను ముప్పై ఎనిమిది, రాను ముప్పై ఎనిమిది.

అలాంటి కార్లు ఏడున్నాయి మా జిల్లాలో.
వాటి పెట్రోలు కోసం ఈ డబ్బా.

డబ్బా చేత్తో పట్టుకుని వీధిలోకి వస్తే
అవతలి పేవ్‌మెంటు మీద
జనానికి హఠాత్తుగా ఏదో పని గుర్తొస్తుంది.
అందుకని చిప్స్ కొట్టు కౌంటర్ మీద పెట్టాను.
శుక్రవారం రాత్రి లెక్కపెడితే
ఆదివారం దాకా వేళ్లని వదలదు వెనిగర్ వాసన.
ముసలి టిడ్నో పందెం కాశాడు:
వానపడితే మైలుకి రెండు పౌండ్లు,
ఎండ కాస్తే చిల్లిగవ్వ లేదు.
ఈ దేశంలో పుట్టి అలా పందెం కాసినవాడు
పిసినారి అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

బస్సులో రెండో వరస గ్వెన్నో, ఏడేళ్లది,
పన్ను ఊడితే వచ్చిన నాణెం నా చేతిలో పెట్టి
నువ్వు పరిగెడితే కేన్సర్ పోతుందా అంది.
పోదు అన్నాను.
మరెందుకూ?
పెట్రోలుకి.
కాసేపు ఆలోచించి, సరే అని
వెళ్లి కూర్చుంది. బెల్టు పెట్టుకుంది.

ఫిబ్రవరిలో ఓ శనివారం
ఆసుపత్రి రోడ్డు పట్టుకున్నాను, ఎంత దూరమో కాళ్లతో చూద్దామని.
ఇరవై రెండో మైలు దగ్గర పిక్క పట్టేసింది.
రోడ్డు వారగా కంకర మీద కూలబడ్డాక తెలిసింది,
అక్క చెప్పిన చోటు ఇదే.
ఇక్కడే కారాపమనేది.
ఆమె వాంతి చేసుకుంటున్నంతసేపూ
ఇద్వల్ వీపు తిప్పి
సముద్రంలో ఓడలు వెతికేవాడట.
ఓడలేమీ ఉండవు ఇక్కడ. నేనూ చూశాను.

అప్పుడొచ్చింది ఆ కారు.
వెనక సీట్లో తలకి ఉన్నిటోపీతో ఓ కుర్రాడు,
పద్దెనిమిది ఉంటాయో లేదో.
ఇద్వల్ నన్ను చూశాడు.
ఆగలేదు.
స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు లేపాడంతే.
పదకొండున్నరకి వాళ్లకి టైమిచ్చి ఉంటారు.

అద్దంలోంచి నావైపే చూస్తున్నాడు ఆ కుర్రాడు,
బురదలో కూర్చుని కాలు పట్టుకుని
ఏడుస్తున్న ఈ లావుపాటి మనిషెవడా అని.
నవ్వాడనుకుంటాను.
మలుపు తిరిగిపోయారు.
లేచాను. బీరువాలో తలుపులన్నీ కిర్రుమన్నాయి.

నిన్న చందాల కాగితం చూసుకుంటుంటే
అట్టడుగు వరసలో అక్క చేతిరాత:
మెరెరిద్, నలభై పౌండ్లు.
పక్కన చిన్నగా,
నడిస్తే డబ్బు వాపస్.